కాజీపేట ఎండలో కాంఫ్రీ: మూడేళ్లు వాడాక 5కి 3

ఆరు కాంఫ్రీ వేరు ముక్కలు. కాంఫ్రీ అంటే ఆకు కోసి ఎరువు చేసుకునే ఒక విలాయతి మొక్క. 540 రూపాయలు. కొరియర్‌కు 90 వేరే. ఒక్కో ముక్క చిటికెన వేలంత ఉంది. పైన నల్లటి తోలు, గోటితో గీకితే లోపల తెల్లగా, జిగటగా. పార్శిల్ విప్పుతుంటే మా ఇంటామె పక్కనే నిలబడి చూసి, "ఎండిన అల్లానికి ఆరు వందలా? మార్కెట్‌కు పోతే సగం బస్తా వస్తుండె" అన్నది.

అది 2022 అక్టోబర్. సద్దుల బతుకమ్మ అయిపోయి వారం దాటింది. అప్పటి నుంచి ఇప్పటికి ఆ మొక్క మా పెరట్లో మూడు ఎండాకాలాలు చూసింది. కాంఫ్రీ గురించి వీడియోలు పెట్టేవాళ్లలో ఎక్కువమంది చల్లటి ఊళ్లవాళ్లు. మన ఓరుగల్లు ఎండకు, మన చలక నేలకు ఇది ఎట్లా తట్టుకుంటుందో చెప్పినవాళ్లు నాకు దొరకలేదు. అందుకే ఇది కొంచెం పొడుగు రివ్యూ. ఓపిక లేనివాళ్లు టైటిల్‌లో మార్కులు చూసుకుని వెళ్లిపోవచ్చు.

నేను కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి 2020లో రిటైరయ్యాను. ఇంజన్ షెడ్డులోకి వస్తే ఏ పార్ట్ ఎప్పుడు మార్చాం, ఆయిల్ ఎంత పోశాం, అన్నీ రాసి పెట్టాల్సిందే. ఆ అలవాటు పోక తోటకు అంటుకుంది. ఒక నోట్‌బుక్ ఉంది. వంటింట్లోంచి పెరట్లోకి వలస వచ్చిన చిన్న కాటా ఒకటి ఉంది. కింద రాసిన బరువులన్నీ దాని మీద తూచినవే, అందాజా లెక్కలు కావు. మా ఇల్లు సోమిడి వైపు. వెనక పెరడు 14 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. ఒక జామచెట్టు, ఒక మునగ, తులసి కోట, మిగతా జాగలో కూరగాయలు. డాబా మీద ఇంకో ముప్పై కుండీలు. కుండీలంటే పెయింట్ డబ్బాలే.

వేర్లు కొనడానికి ఏడాది ముందు ఒకసారి మోసపోయాను. అది చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. ఆన్‌లైన్‌లో "బాకింగ్ 14 కాంఫ్రీ విత్తనాలు, 20 గింజలు, 249 రూపాయలు" అని కనిపిస్తే మా అబ్బాయితో ఆర్డర్ పెట్టించాను. వచ్చాయి. ట్రేలో కోకోపీట్ పోసి పెడితే 11 మొలిచాయి. సంబరపడి నెలన్నర సాకాను. రోజూ ఫోన్‌లో ఫొటో తీసి పోల్చుకోవడం, ఏదో తేడాగా ఉందనుకోవడం, లేత ఆకు కదా అని సర్దిచెప్పుకోవడం. చివరికి మా ఇంటామె ఒక ఆకు తుంచి కొరికి చూసి, "చుక్కకూర పో. పప్పుల ఏస్తే బాగుంటది" అని తేల్చింది. పదకొండు మొక్కలకూ తొట్టి, మట్టి, గింజల ఖర్చు కలుపుకుంటే అంత పిరమైన చుక్కకూర పప్పు మా ఇంట్లో మళ్లీ ఎప్పుడూ తినలేదు. డబ్బులు వాపస్ అడిగితే "విత్తనాలకు రిటర్న్ లేదు" అని మెసేజ్ వచ్చింది. ఆ అమ్మినవాళ్ల పేరు రాయను. అదే బొమ్మతో, అదే మాటలతో ఇంకో పది మంది అమ్ముతున్నారు, ఒక్కరి పేరు రాస్తే ఏం లాభం.

తర్వాత తీరిగ్గా చదివితే అసలు సంగతి తెలిసింది. బాకింగ్ 14 అనే రకం గింజ కట్టదు. పువ్వు పూస్తుంది గానీ విత్తనం పడదు. వేరు ముక్కతోనో, పిలకతోనో పెంచాల్సిందే. "బాకింగ్ 14 విత్తనాలు" అని ఎవరైనా అమ్ముతున్నారంటే అది అబద్ధమే, ఇంకా విచారించాల్సిన పనిలేదు. మామూలు కాంఫ్రీకి గింజలుంటాయి, కానీ అది పడిన చోటల్లా మొలిచి నెత్తికెక్కుతుంది.

బాకింగ్ ఇంగ్లండ్‌లో ఎసెక్స్ వైపు ఒక ఊరు. లారెన్స్ హిల్స్ అనే ఆయన 1950లలో అక్కడ రకరకాల కాంఫ్రీలను పక్కపక్కన పెంచి, ఒక్కో రకానికి ఒక్కో నంబరు వేసి చూశాడు. ఎరువు ఆకుకు 14వ నంబరు మేలని తేల్చాడు. ఇంజన్లకు నంబర్లు వేసే చోట పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆయన పెట్టిన సేంద్రియ తోటల సంఘానికి తన పేరు పెట్టుకోలేదు. 19వ శతాబ్దంలో రష్యా నుంచి కాంఫ్రీ తెప్పించుకున్న హెన్రీ డబుల్‌డే పేరు పెట్టాడు. డబుల్‌డే దాన్ని తెప్పించింది ఎరువుకు కాదు, తపాలా బిళ్లల వెనక పూసే జిగురు కోసం. జిగురు పని కాలేదు, మొక్క మిగిలింది. వేరు గీకినప్పుడు చేతికి అంటే ఆ జిగట చూస్తే నాకు ఆయనే యాదికొస్తాడు, పాపం.

ఇక రెండోసారి కొన్నవాళ్ల గురించి. ఇది ఒక కొండప్రాంతపు నర్సరీ. ప్యాకింగ్‌కు వంక పెట్టలేను: తడి కోకోపీట్‌లో ముక్కల్ని చుట్టి, ప్లాస్టిక్ డబ్బాకు సన్న బెజ్జాలు పెట్టి పంపారు. ఆరింటిలో ఒకటి మెత్తబడి వాసన వచ్చింది. ఫొటో పంపితే రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం ఈ రోజుకీ లేదు. డబ్బాలో ఒక కాగితం పెట్టారు, ఎట్లా నాటాలో. "పూర్తి ఎండ తగిలే చోట నాటండి" అని అందులో ఉంది. వాళ్ల కొండ మీద అది నిజమే కావచ్చు. కాజీపేటలో ఆ ఒక్క వాక్యం నాకు రెండు మొక్కల్ని తిన్నది.

నాటడం తేలికే. ముక్కను అడ్డంగా పడుకోబెట్టి రెండు అంగుళాల మట్టి కప్పాలి. మెత్తబడ్డ ముక్కను కూడా పారెయ్యకుండా కుళ్లిన కొస కోసేసి బూడిద అద్ది పెట్టాను. నాలుగు నేలలో: మూడు జామచెట్టు తూర్పు వైపు, ఒకటి మునగ కింద. రెండు డాబా మీద 20 లీటర్ల పెయింట్ డబ్బాల్లో. 19వ రోజు మొదటి ఆకు లేచింది. బూడిద అద్దిన ముక్క కూడా లేచింది, నెల రోజులు పట్టింది. ఆకు చూడటానికి పొగాకులాగా పొడుగ్గా ఉంటుంది. ముట్టుకుంటే గుమ్మడాకు లెక్క గరుకు, ఇంకా కొంచెం ఎక్కువే. ఆ నూగు ముంజేతికి రాసుకుంటే గంటసేపు దురద. గ్లవ్స్ లేకుండా కొయ్యొద్దు.

మొదటి ఆరేడు నెలలు ఆకు కొయ్యకుండా వదిలెయ్యాలి. వేరు లోపలికి దిగే కాలం అది. నాకు ఆగబుద్ధి కాలేదు. ఫిబ్రవరిలో డాబా మీది వాటిని ఒకసారి కోశాను, పువ్వు మొగ్గలు వస్తున్నాయనే సాకుతో.

తర్వాత ఎండాకాలం వచ్చింది. మార్చి చివర నుంచే మధ్యాహ్నం ఆకులన్నీ తడిబట్టలా వాలిపోయేవి, సాయంత్రం నీళ్లు పోస్తే లేచేవి. ఏప్రిల్‌లో లేవడం మానేశాయి. రోహిణి కార్తెలో డాబా మీది రెండూ పోయాయి. డబ్బా తిరగేసి చూస్తే వేరు ఉడికిన చిలగడదుంపలా ఉంది. స్లాబ్ వేడికి డబ్బాలో మట్టే కాగిపోయింది, పైన ఎంత నీళ్లు పోస్తే ఏం లాభం? కింద జామచెట్టు నీడలో ఉన్నవి కూడా ఆకు మొత్తం రాల్చేసి నేలమట్టమయ్యాయి. "ఇగ అయిపోయింది నీ విలాయతి మొక్క" అన్నది మా ఇంటామె. నేనూ అదే అనుకున్నాను. మునగ కిందిదాన్ని తవ్వి తీసేద్దామని గడ్డపార కూడా పట్టుకున్నాను, ఎండకు ఓపిక లేక మానేశాను. మృగశిర దాటి రెండు వానలు పడగానే నాలుగు చోట్లా ఒకే వారంలో చిగుళ్లు. ఒక్కో మొక్క చోట రెండు మూడు తలలు. ఆ రోజు నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

మన దగ్గర దీని లెక్క ఇట్లా ఉంటుంది: జూన్ చివర నుంచి ఫిబ్రవరి దాకా డ్యూటీ, మార్చి నుంచి మే దాకా సిక్ లీవ్. ఇంగ్లండ్‌లో చలికాలంలో పడుకుంటుంది, ఇక్కడ ఎండకు పడుకుంటుంది. రెండో ఏడాది నుంచి మార్చిలోనే గ్రీన్ నెట్ కడుతున్నాను, మొక్క మొదట్లో నాలుగు అంగుళాల మందంగా ఎండుటాకు పరుస్తున్నాను. ఆకు రావడం లేదు గానీ మొక్క బతుకుతోంది. ఎండాకాలంలో కోత మాట తలపెట్టొద్దు.

ముసురు పట్టినప్పుడు ఇంకో తలనొప్పి నత్తలది. లేత ఆకును జల్లెడ చేస్తాయి. రాత్రి టార్చి పట్టుకుని ఏరడం తప్ప నాకు వేరే మందు తెలియదు. చలక నేల కాబట్టి నీళ్లు నిలవక వేరు కుళ్లు రాలేదు. నల్లరేగడి ఉన్నవాళ్లు కట్ట పోసి ఎత్తులో పెట్టుకోండి.

రెండో ఏడాది నుంచి కోతలు మొదలుపెట్టాను. నేలకు రెండు అంగుళాలు వదిలి కొడవలితో కోస్తే నలభై రోజుల్లో మళ్లీ నిండుతుంది. నాలుగు మొక్కల నుంచి ఏడాదికి నాలుగు కోతలు. 2023 వానాకాలం నుంచి 2024 ఫిబ్రవరి దాకా మొత్తం 12 కిలోల 600 గ్రాముల పచ్చి ఆకు వచ్చింది. తర్వాతి ఏడాది 13 కిలోల 100. వీడియోల్లో ఒక్క మొక్కకే ఇంత చూపిస్తారు. వాళ్ల నేల, వాళ్ల చలి. అయితే ఊరికే ఇవ్వదు. కోసిన ప్రతిసారీ ఒక తట్ట పశువుల ఎరువు పోయాలి. ఇది చిక్కుడు జాతి కాదు, గాలిలోని నత్రజనిని పట్టే విద్య దీనికి లేదు. నేలలో ఉన్నదాన్ని లాగి ఆకులో దాస్తుంది, అంతే. వేరు లోతుకు దిగి మామూలు మొక్కలకు అందని పోషకాలు తోడి తెస్తుందని ఇది బాగా పేరు తెచ్చుకుంది. నేలలో అయితే సరే. డాబా మీద పెయింట్ డబ్బాలో పెట్టి ఆ మాట చెప్పడం మాత్రం బకెట్‌లో బోరు వేసినట్టే.

ఎరువు తయారీకి వస్తాను. మొదట నేను చేసింది అందరూ చెప్పే బకెట్ పద్ధతి: కిలో ఆకు ముక్కలు చేసి 15 లీటర్ల నీళ్లలో వేసి మూత పెట్టి వదిలెయ్యడం. చల్లటి దేశాల్లో నాలుగు వారాలంటారు. మన సెప్టెంబర్ ఉక్కకు పది రోజులకే పులిసింది. వాసన సంగతి ఎట్లా చెప్పాలి? చచ్చిన ఎలుక, మురికి కాలువ, రెండూ కలిపి మూడు రోజులు మూత పెట్టినట్టు. సరిగ్గా దసరా ముందు రోజు మా బామ్మర్ది కుటుంబం వచ్చినప్పుడు, ఎట్లా ఉందో చూద్దామని నేను మూత తీశాను. గారెలు తింటున్న పిల్లలు పళ్లాలు పట్టుకుని ముందు గదిలోకి పరుగు తీశారు. పక్కింటి ఆయన గోడ మీద నుంచి "అన్నా, సెప్టిక్ ట్యాంక్ పొంగిందా, చూసుకో" అన్నాడు. ఆ బకెట్ ఆ రోజే ఖాళీ అయింది. మంచి ఎరువే, టమాటలకు బాగానే పనిచేసింది, కానీ ఇళ్లు ఆనుకుని ఉన్న గల్లీలో అది కుదరదు.

తర్వాత పైపు పద్ధతికి మారాను. మూడేళ్లలో నాకు నిజంగా సంతోషం ఇచ్చింది ఇదే. నాలుగు అంగుళాల పీవీసీ పైపు ఒక మీటరు ముక్క. కింద ఎండ్ క్యాప్ బిగించి, దానికి 6 మిల్లీమీటర్ల బెజ్జం. పైన ఊడదీసే మూత. బాత్‌రూమ్ వెనక గోడకు, ఎండ పడని చోట, రెండు క్లాంపులతో నిలువుగా కొట్టాను. కింద ఒక పాత నీళ్ల బాటిల్. లోపల ఆకులు ముక్కలు చేసి గట్టిగా కూరాలి, నీళ్లు చుక్క కూడా పొయ్యొద్దు. ఆకుల మీద బరువు కోసం లీటర్ బాటిల్ నిండా ఇసుక పోసి, మెడకు నైలాన్ తాడు కట్టి లోపలికి దించాను. ఆకు కుళ్లి కుంగేకొద్దీ ఆ బాటిల్ దానంతట అదే దిగుతుంది. తాడుకు ప్రతి పది సెంటీమీటర్లకు ఒక ముడి వేశాను. పైన ఎన్ని ముడులు లోపలికి పోయాయో చూస్తే లోపల ఎంత కుంగిందో తెలుస్తుంది. డిప్‌స్టిక్ పెట్టి ఆయిల్ చూసినట్టు.

మొదటిసారి బెజ్జం మూసుకుపోయింది. ఆకు పీచు, నూగు అడ్డం పడ్డాయి. సైకిల్ స్పోక్‌తో పొడిస్తే ముఖం మీద చిమ్మింది, దాని గురించి ఇంతకంటే రాయను. తర్వాత ఎండ్ క్యాప్ లోపల గిన్నెలు తోమే స్టీల్ పీచు ఉండ పెట్టాను. అప్పటి నుంచి అడ్డం పడలేదు. తొమ్మిదో రోజు మొదటి చుక్క. నాలుగు వారాల్లో కిలో ఆకుకు 340 మిల్లీలీటర్ల రసం. చూడటానికి అచ్చం ఇంజన్‌లోంచి దించిన పాత లూబ్ ఆయిలే, అంత నలుపు, అంత చిక్కన. నా వేళ్లు దాన్ని రుద్ది చూశాయి, అలవాటు కొద్దీ, రజను ఉందేమోనని. వాసన ఉంటుంది, లేదనను, కానీ మూత పెడితే పైపు దగ్గరే ఉంటుంది. బకెట్‌తో పోలిస్తే అగరుబత్తి. ముద్దయి మిగిలిన పిప్పి కంపోస్ట్ గుంతలో వేస్తే గుంత రెండు రోజుల్లో వేడెక్కుతుంది.

ఒక వంతు రసానికి 15 వంతుల నీళ్లు కలిపి మొక్క మొదట్లో పోస్తాను. నారుకు వద్దు, ఆకుకూరలకు అక్కర్లేదు. ఇది ముఖ్యంగా పొటాష్ సరుకు. హిల్స్ ఇచ్చిన లెక్కల్లో, వాడిపోయిన కాంఫ్రీ ఆకులో పొటాష్ పశువుల ఎరువులో కంటే మూడు రెట్లు పైనే. అందుకే పూత, కాయ మీద ఉన్న టమాట, మిర్చి, వంకాయ, బీరకు వాడాలి. పైపు, బాటిల్ లేకుండా ఇంకో సులువు దారి కూడా ఉంది: కోసిన ఆకును ఒక రోజు వాడనిచ్చి టమాట మొదట్లో పరిచి పైన పిడికెడు మట్టి చల్లడం. పీచు తక్కువ కాబట్టి పన్నెండు రోజుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు.

పనిచేసిందా అంటే, 2024లో ఒక పరీక్ష పెట్టాను. చపాట మిర్చి మీద. తెలియనివాళ్లకు చెప్తున్నా, మన వరంగల్ వైపు చపాట అంటే టమాటలా గుండ్రంగా, బొద్దుగా ఉండే మిర్చి. కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చళ్లలో ఎర్రదనం దానిదే. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తొమ్మిది డబ్బాలు, ఒకే మట్టి, ఒకే నారు. మూడింటికి కాంఫ్రీ రసం. మూడింటికి గిరిపుష్పం ఆకు నానబెట్టిన నీళ్లు. మూడింటికి పేడ నీళ్లు మాత్రమే. పూత మొదలైనప్పటి నుంచి పది రోజులకోసారి డబ్బాకు లీటరు. సంక్రాంతి దాకా కోసిన కాయలన్నీ తూచాను. కాంఫ్రీ డబ్బాలు మూడూ కలిపి 2 కిలోల 350. గిరిపుష్పం 2 కిలోల 200. పేడ నీళ్లు 1 కిలో 800. అయితే పేడ నీళ్ల డబ్బాల్లో ఒక మొక్కకు ముడత వచ్చి సగంలోనే ఆగిపోయింది, కాబట్టి ఆ తేడాలో కొంత తెగులుదే. నిజాయితీగా చెప్పాలంటే కాంఫ్రీకి, గిరిపుష్పానికి మధ్య ఉన్న 150 గ్రాములు నాలుగైదు కాయల తేడా. దాని మీద పందెం కాయను.

నా మార్కులు తగ్గింది ఇక్కడే. గిరిపుష్పం బామ్మర్ది పొలం గట్టు మీద ఊరికే పెరుగుతుంది. కొమ్మ గుచ్చితే చెట్టు. చిక్కుడు జాతి కాబట్టి నత్రజని కూడా ఇస్తుంది. రోహిణి కార్తెలో కూడా చావదు. దానికి 630 రూపాయలు కట్టి, నెట్ కట్టి, నత్తలు ఏరే పనిలేదు. ఊళ్లో పొలం ఉన్నవాళ్లు, కానుగ, గిరిపుష్పం, జీలుగ అందుబాటులో ఉన్నవాళ్లు కాంఫ్రీ కోసం ఆరాటపడొద్దు. పట్నంలో ఇల్లు, పెరట్లో కొంచెం నీడ నేల, బయటి నుంచి ఆకు తెచ్చుకునే వీలు లేదు అనేవాళ్లకు ఇది అక్కరకొస్తుంది. ఒకసారి కుదురుకుంటే మళ్లీ కొనేది ఉండదు.

పొటాష్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాయాలి, లేకపోతే ఇంట్లో ఊరుకోరు. మా అత్తగారింట్లో ఇప్పటికీ కట్టెల పొయ్యి. అక్కడి నుంచి మా ఇంటామె ఏటా ఒక సంచి బూడిద తెచ్చి బీర పాదుకు, సొర పాదుకు చల్లుతుంది. నేను పొటాష్, పొటాష్ అంటుంటే ఒకరోజు మా మనవరాలు డిక్షనరీ చూసి చెప్పింది, ఆ ఇంగ్లిష్ మాటే కుండ, బూడిద అనే రెండు మాటలు కలిసి పుట్టిందట. కట్టెల బూడిదను నీళ్లలో కలిపి కుండల్లో మరిగించి తీసేవారు కాబట్టి. మా ఇంటామె ఆ రోజంతా నాతో ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. బూడిద ఎక్కువైతే నేల చౌడు వైపు పోతుందని, కాంఫ్రీ రసానికి ఆ బెడద లేదని నేను చెప్పబోయాను గానీ అప్పటికే టైం దాటిపోయింది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. కాంఫ్రీకి ఇంగ్లిష్‌లో ఎముకలు అతికించేది అనే అర్థంలో ఒక పాత పేరుంది. ఒకప్పుడు అక్కడ విరిగిన చోట దీని వేరు నూరి కట్టేవారు. ఈ సంగతి నోరు జారి ఎదురింటి అవ్వకు చెప్పాను. ఆమె మోకాళ్ల నొప్పుల మనిషి. మర్నాడు పొద్దున్నే గిన్నె పట్టుకుని వచ్చింది. "కొడుకా, మన నల్లేరు లెక్కనేనట గదా. నాలుగాకులియ్యి, తొక్కు నూరుకుంట." నల్లేరు సంగతి వేరు, దాంతో మన వాళ్లు తరతరాలుగా పచ్చడి చేసుకుంటున్నారు. కాంఫ్రీలో పైరోలిజిడైన్ ఆల్కలాయిడ్లు అనేవి ఉంటాయి, అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. 2001లో అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ, కాంఫ్రీ కలిసిన డైటరీ సప్లిమెంట్లను మార్కెట్ నుంచి తీసెయ్యమని తయారీదారులకు చెప్పింది. అవ్వకు ఇదంతా ఎట్లా చెప్పాలి? "అవ్వా, ఇది తింటే కాలిజం ఖరాబైతది. మొక్కలకే" అన్నాను. "మొక్కలకు ఖరాబు కాదా మరి?" అన్నది. ఆ ప్రశ్నకు తడుముకున్నాను. మట్టిలో కుళ్లిపోతుంది అవ్వా అని ఏదో చెప్పి, మునగాకు ఒక కట్ట కోసిచ్చి పంపాను. మేకలు, కోళ్లు ఉన్నవాళ్లు కూడా దీన్ని మేతగా వెయ్యొద్దు. పాత పుస్తకాల్లో మేతకు మంచిదని ఉంటుంది, ఆ ఆల్కలాయిడ్ల సంగతి బయటపడక ముందు రాసిన మాటలవి.

ఇంకొకటి. నాటే ముందు చోటు బాగా ఆలోచించుకోండి. ఒకసారి వేరు దిగిందంటే తీయలేరు. తవ్వితే గోరంత ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. పారతో నరికితే ఒకటి పది అవుతుంది. కంపోస్ట్‌లో ఆకు వెయ్యండి, వేరు మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు. పోయినేడు మునగ కిందిదాన్ని తీసి మా అబ్బాయికి హైదరాబాద్ పంపుదామని తవ్వాను. రెండడుగులు తవ్వినా కొస అందలేదు, తెంపి తీశాను. ఇప్పుడు అక్కడ మూడు మొక్కలున్నాయి. మా ఇంటామె పెట్టిన షరతు ఒకటే: జామచెట్టు దాటి, తులసి కోట వైపు ఈ మొక్క రాకూడదు. నేను ఒప్పుకున్నాను.

మార్కులు: ఎరువుగా 4, మన ఎండకు 2, అమ్మినవాళ్ల ప్యాకింగ్‌కు 4, ఫోన్‌లో జవాబుకు 0. పైపుకు 5 ఇస్తాను గానీ అది నేనే చేసుకున్నది, లెక్కలోకి రాదు. అన్నీ చూసుకుని 5కి 3.

ఆ మునగ కింద తవ్విన మట్టిని అప్పట్లో ఎక్కడ పోశానో గుర్తులేదు. నిన్న పొద్దున నీళ్లు పోస్తుంటే తులసి కోట పక్కన, ముగ్గు వేసే బండకు ఆనుకుని, గరుకు గరుకుగా ఒక ఆకు లేచి ఉంది. ఇంట్లో ఇంకా ఎవరూ చూడలేదు.